పెండ్లికారు ఎర్రదీపం, దాదీ ముక్కు

హన్మకొండ వర్క్‌షాపులో అడుగుపెట్టగానే కాలిన రబ్బరు వాసన గుప్పుమన్నది. నా కారులో ఇంజను బొమ్మ ఉన్న పసుపుపచ్చ దీపం వారంగా ఆరనంటోంది. మెకానిక్ స్టీరింగు కింద ఒక తీగ గుచ్చి, చేతిలోని పలకలాంటి యంత్రం చూసి, "ఇంజన్ బరాబరుంది సార్, సెన్సారే ఖరాబైంది" అన్నాడు. ఊడదీసి చూపించాడు కదా, బొటనవేలంత లేదు. మా చిన్నప్పటి సెన్సార్లు అట్లా ఉండేవి కావు. అవి పొద్దున్నే లేచి చాయ్ తాగేవి, కిటికీ సీటు కోసం కొట్లాడేవి, అలిగితే బతిమాలందే పనిచేసేవి కావు.

మా అబ్బాది, అంటే నాన్నది, వరంగల్‌లో మిర్చి దుకాణం. ఆయన కొన్న పాత తెల్లకారు ఎండాకాలంలో పెనంలా కాలేది, వానాకాలంలో లోపలే ఎక్కువ కురిసేది, డిక్కీలో నిలవున్న మిర్చి ఘాటుకు మేము ఏ ఊరు పోయినా తుమ్ములతోనే ఊళ్లో దిగేవాళ్లం. వేడి చూపే ముల్లు ఏ నవాబుల కాలంలో ప్రాణం విడిచిందో గాని సున్నా దగ్గరే సమాధి అయింది. ఇంజను వేడెక్కితేనే వెలగాల్సిన ఎర్రదీపం మాత్రం దర్గా చిరాగులా రాత్రింబవళ్లు వెలిగేది. దాన్ని నమ్మితే గల్లీ దాటలేమని అబ్బా ఇంటిల్లిపాదినీ కారుకు బిగించాడు. ముందు సీట్లో అమ్మీ చెవులు ఇంజను చప్పుడుకు, ఆమె కాళ్ల దగ్గర నేలమీద నా అరికాళ్లు రేకు సెగకు, వెనక అద్దంలోంచి మా అక్క, ఆపా, కళ్లు పొగకు. వీటన్నిటికీ మీద అబ్బా తల్లి, మా దాదీ, ముక్కు. పక్కవీధిలో పాలు పొంగబోతుంటే పొంగకముందే కేకేసి పొయ్యి ఆర్పించిన ముక్కది.

చిచ్చా అంటే అబ్బా తమ్ముడు. ఆయన నిఖా రఘునాథపల్లిలో, మామిడికాయలు ముదిరే రోజుల్లో. మధ్యాహ్నం నమాజు కాగానే నిఖా చదివించి, కాజీసాబు ఇంకో ఊరి నిఖాకు వెళ్లిపోవాలి. పెండ్లికొడుకు ఆలస్యమైతే మళ్లీ ఎప్పుడు దొరుకుతాడో తెలియదు. పెండ్లికొడుకు మా కారులోనే ఉన్నాడు. షేర్వానీ మీద అత్తరు చల్లుకోవడం కాదు, అత్తరులో మునిగి తేలినట్టున్నాడు. ఆ పరిమళానికి రోడ్డు పక్క గేదెలు కూడా తలలు తిప్పి చూశాయి.

ఊరు దాటామో లేదో, వెనక సీట్లో చిచ్చా పక్కన కూర్చున్న దాదీ, "ఆపుర బిడ్డా, ఏందో కాలుతాంది!" అన్నది. అబ్బా ఆపి, బానెట్ ఎత్తి, నీళ్లు చూసి, వైర్లు తడిమి, ఏమీ లేదని బయలుదేరాడు. ఒక మలుపు తిరగగానే మళ్లీ "కాలుతాంది." మళ్లీ బానెట్. ఇట్లా మేము ఆగని చెట్టు లేదు ఆ దారిలో. ఎండ నడినెత్తికెక్కింది. ఎప్పుడూ బండి నెట్టే చిచ్చా ఆరోజు పెండ్లికొడుకు హోదాలో సీటుకు వీపు అంటించి కదలకుండా కూర్చున్నాడు.

చివరికి అమ్మీ అన్నది: "నా చెవులకు ఏం తేడా లేదు. పిలగాని కాళ్లకు సెగ లేదు. వాసన మీకొక్కలకే వస్తాంది అత్తమ్మా."

"అంటే నా ముక్కు ఖరాబైందంటవా?" దాదీ కళ్లలో ఎర్రదీపాలు వెలిగాయి.

"అట్లంటనా? జర నా జాగల కూసోండ్రి, చూద్దాం."

బల్బు వెలగకపోతే ఇంకో హోల్డర్‌లో పెట్టి చూసినట్టు, దాదీని ముందుకు మార్చారు. బండి కదలగానే ఆమె ముక్కు వెనక్కి తిరిగింది. "ఇంజన్ ముందటుంటే వాసన ఎనుక నుంచి వస్తాంది!" అందర్నీ దింపి, రోడ్డు పక్క వరసగా నిలబెట్టి, ఒక్కొక్కరినీ వాసన చూసుకుంటూ వచ్చి, చిచ్చా దగ్గర ఆగింది. ఆయన అటు తిరిగితే అటు, ఇటు తిరిగితే ఇటు తిరిగి, చివరికి భుజం పట్టి వెనక్కి తిప్పింది. షేర్వానీ వీపు నడుమ బొగ్గుల ఇస్త్రీపెట్టె ఆకారంలో, కిటికీ అంత రంధ్రం!

"ఇంజన్ కాదుర కాలింది, పెండ్లికొడుకు కాలిండు!"

ఎవరికీ ఇవ్వకుండా పొద్దున తానే ఇస్త్రీ చేసుకుని, కాలిన వాసన దాచడానికి అత్తరు కుమ్మరించుకున్నాడట. తిట్టడానికి టైము లేదు. ఎర్రదీపం కూడా భయపడి ఆరిపోయేంత వేగంగా అబ్బా బండి తోలాడు. కాజీసాబు సంచి భుజానికి వేసుకుని గడప దాటుతున్నాడు. ఆయనను పట్టుకుని కూర్చోబెట్టారు. చిచ్చా గోడకు ఆనుకుని "ఖుబూల్" అన్నాడు. ఎంత సిగ్గరి అల్లుడని ఆడవాళ్లు మురిసిపోయారు.

కాని నిఖా అయ్యాక పెండ్లికొడుకును అందరూ కౌగిలించుకుంటారు కదా. మొదట మామగారు వచ్చాడు. వీపు తట్టబోయిన చెయ్యి రంధ్రంలోకి పోయింది. ఆయన ముఖంలో ఏమీ కదలలేదు. తన భుజం మీది జరీ శాలువా తీసి అల్లుడికి కప్పి, చెవిలో, "ఫికర్ చెయ్యకు బేటా, నా నిఖానాడు నా పైజామ చినిగింది" అన్నాడు. ఆ రోజు బగారన్నం, దాల్చా తిన్నంత రుచిగా నేను మళ్లీ ఏ దావత్‌లోనూ తినలేదు.

దాదీ లేదు ఇప్పుడు. ఆ కారు తుక్కులోకి పోయింది. నా కారుకు ఏసీ ఉంది. అద్దాలు మూసి, బూట్లు వేసుకుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పోతాం. ఏది కాలినా ఎవరికీ తెలియదు, కొట్లాటా ఉండదు. మొన్న ఈద్‌కు చిచ్చాను కౌగిలించుకుంటే నా అరచెయ్యి దానంతటదే ఆయన వీపు నడుమకు పోయింది.

"ఏం తడుముతానవ్‌ర?" అన్నాడు చిచ్చా. "ఇది ఇస్త్రీ అక్కరలేని బట్ట!"

వంటింట్లోంచి చిచ్చా భార్య, మా చాచీ, నవ్వు వినిపించింది.