ఇద్దరు మంత్రసానులు

పోయిన శనివారం మా ఎదురు ఫ్లాట్ ఆంటీ కన్నుమూశారు. వాళ్లమ్మాయి తలుపు తట్టి, "అమ్మ పోయింది, అక్కా. లంచ్ తిని పడుకుంది, అంతే. పెయిన్ ఏమీ లేదు," అంది. ఏడుపొచ్చింది. ఆ వెనకే మనసు కుదుటపడింది కూడా. మంచాన పడి నెలలు గడపడమంటే ఆవిడకు భయం.

కాకినాడ నుంచి వచ్చి, ఇక్కడి ఆస్పత్రిలో ఏళ్ల తరబడి పురుళ్లు పోసిన నర్సు ఆవిడ. లిఫ్టులో ఎవరి పసిబిడ్డ కనిపించినా చేతులు కడుక్కోకుండా ముట్టుకునేవారు కాదు. "ముందు చేతులు, తర్వాత ముద్దులు," అనేవారు. రిటైరయ్యాక ఏటా కొన్నాళ్లు కెన్యాలోని మసాయి తెగవాళ్ల పల్లెలకు పురుళ్లు పోయడానికి వెళ్లేవారు. అక్కడ ఆస్పత్రి చాలా దూరం. కాన్పు కష్టమైతే తల్లికీ బిడ్డకూ ప్రాణగండమే. ఒకసారి బ్యాంకుకు సెలవు పెట్టి నేనూ వెంట వెళ్లాను.

ఓ ఉదయం ఒక ఇంటికి రమ్మని కబురొచ్చింది. చిన్నవయసు కోడలికి ముందురోజు నుంచీ నొప్పులు. బిడ్డ కిందికి దిగడం లేదు. ఊరి ముసలి మంత్రసాని ఆమె నడుము నిమురుతోంది. అత్తగారు గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. ఆమె మాటలు మా వెంట వచ్చిన అక్కడి ఆరోగ్య కార్యకర్త విడమర్చి చెప్పింది: "పంపదట. ఆస్పత్రిలో పిల్లను ఒంటరిగా పడుకోబెడతారట, మంత్రసానిని లోపలికి రానివ్వరట."

"టైమ్ లేదు ఆంటీ, గట్టిగా చెప్పండి," అన్నాను.

"ఆవిడ అన్నదాంట్లో తప్పేముందే? నా కూతుర్నయితే నేను మాత్రం ఒంటరిగా పంపుతానా?" అని, ఆంటీ మంత్రసాని పక్కన చతికిలబడ్డారు. "మీరూ రండమ్మా. మీరు లోపలికొస్తేనే నేనూ వస్తా."

కార్యకర్త ఆ మాట చెప్పగానే అత్తగారు లేచి దారిచ్చింది.

అందరం జీపులో బయల్దేరాం. ఆస్పత్రి గుమ్మం దగ్గర అక్కడి నర్సు మంత్రసానిని ఆపబోయింది. ఆంటీ గొంతు పెంచలేదు. "నీ పని నువ్వు చెయ్యి సిస్టర్. ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుంటుంది, అంతే." నర్సు పక్కకు జరిగింది.

మధ్యాహ్నానికి పాప పుట్టింది. ఏడవలేదు. నర్సూ ఆంటీ కలిసి ఒళ్లు తుడిచి, వీపు రుద్దుతూనే ఉన్నారు. చివరికి సన్నగా ఒక కేక వినిపించింది. పాపను తల్లి గుండెల మీద పడుకోబెట్టారు.

తర్వాతి ఏళ్లలో ఆ ఆస్పత్రిలో మంత్రసానులను ఆపడం మానేశారు. వాళ్లే గర్భిణులను వెంటబెట్టుకుని వచ్చేవారు. "ఇక నేను వెళ్లకపోయినా ఫర్వాలేదే," అని ఆంటీ నిశ్చింతగా అనేవారు.

ఆవిడను తలచుకుంటే ఆ పాప పుట్టిన రోజు సాయంత్రమే కళ్లముందు నిలుస్తుంది. ఆస్పత్రి అరుగు మీద, ఎర్ర దుప్పటి కప్పుకున్న ముసలి మంత్రసాని అలసి ఆంటీ భుజం మీద నిద్రపోయింది. నేను టీ అందించబోతే ఆంటీ కళ్లతోనే వద్దన్నారు. ఆమెకు మెలకువ వస్తుందని, చెయ్యి కూడా కదపకుండా అలాగే కూర్చున్నారు.