చెరుకు లేచేదాకా ఆగమన్న సారు

పోయిన సోమవారం పొద్దున, నేను పనిచేస్తున్న నిజామాబాద్ బడికి ఫోన్ వచ్చింది. "బాపు నిద్రలనే పోయిండు చెల్లె" అంది సారు కూతురు. సాయంత్రం బోధన్ వెళ్లి మట్టి వేసి వచ్చాను. ఆయన గురించి నాలుగు మాటలు రాయకపోతే నాకు మనసు కుదుటపడేలా లేదు.

ఆయన మా హైస్కూల్లో సైన్సు సారు. మా ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటిదాన్ని నేను. నాకు పాఠాలతో పాటు హామ్ రేడియో కూడా నేర్పారు. హామ్ అంటే పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు దూరాల నుంచి ఒకరితో ఒకరు మాట్లాడుకునేది.

ఆదివారాలు చర్చి నుంచి రాగానే సారు తమ ముందుగది మాకోసం తెరిచేవారు. మైకు ముట్టుకునే ముందు గంటసేపు ఊరికే వినాలి. ఎవరేం మాట్లాడారో నోట్‌బుక్కులో రాయాలి. "గాలిల మాట్లాడేటోళ్లకు కొదవ లేదు. వినేటోళ్లే దొరకరు" అనేవారు. పెన్సిల్ సెల్లు ఏది కొన్నా దాని మీద బాల్‌పెన్నుతో తారీఖు వేసేవారు, గోడ గడియారంలో సెల్లుతో సహా. "సెల్లు పుట్టినరోజులన్నీ యాదికుంటయి, నాదొక్కటే యాదికుండది" అని సారు భార్య దెప్పేది. సారు తల వంచుకుని నవ్వేవారు.

డిగ్రీ రెండో ఏట నాకు లైసెన్సు వచ్చింది. ఇక చేతిలో పట్టుకుని మాట్లాడే చిన్న సెట్టు ఒకటి కొనుక్కోవాలి. ట్యూషన్లు చెప్పి కూడబెట్టినది ఒక్క సెట్టుకే సరిపోతుంది. తప్పు సెట్టు కొంటే రెండోది కొనే శక్తి నాకు లేదు.

నిజామాబాద్‌లో సారు స్నేహితుడొకాయన దగ్గర రెండు పాత సెట్లున్నాయి. ఒకటి రెండు బ్యాండ్లది, అంటే పై ఫ్రీక్వెన్సీలోనూ కింది ఫ్రీక్వెన్సీలోనూ పలికేది, అద్దంలో అంకెలు పచ్చగా వెలిగేది, కరెంటుతో ఛార్జి చేయాల్సింది. రెండోది ఒక్క కింది బ్యాండుదే, రంగు పోయింది, పెన్సిల్ సెల్లతో నడుస్తుంది. వెలిగేది కొంటే నా చేతిలో ఏమీ మిగలదు. ఎండాకాలం దాన్ని అడిగి తెచ్చి మా ఊరి పొలాల్లో నిలబడి పై బ్యాండులో పిలిచాను. బోధన్‌లో తన ఇంట్లో ఉన్న సారు పక్కనే ఉన్నట్టు పలికారు. మా బాపు చూసి, "డబ్బాతోని మాట్లాడుకుంట తిరిగితే పిస్స లేసిందంటరు బిడ్డా" అని నవ్వాడు. నేను నేల మీద లేను.

సారు మాత్రం తల అడ్డంగా ఊపారు.

"ఇప్పుడు కొట్టేసిన పొలాలు గద. చెరుకు లేసినంక సూద్దాం."

"అంటే ఐదారు నెలలా సార్? అందాక ఆయన ఎవరికో అమ్మేస్తడు."

"అమ్మనీ."

నాకు ఏడుపొచ్చింది. "ఆడపిల్లకు ఎందుకని మీరు గూడ అనుకుంటున్నరు" అనేశాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడతాను. సారుకు కోపం రాలేదు. "నువ్వు మాట్లాడేది మీ ఊర్ల నిలబడి. మీ ఊర్ల ఏడాదిల సగం చెరుకే ఉంటది. కోపానికి సిగ్నల్ పెరగది బిడ్డా" అన్నారు.

ఆ స్నేహితుడు సెట్టు అమ్మలేదు. ఆపి ఉంచమని సారు చెప్పారని తర్వాత తెలిసింది.

దసరా ముందు, వాన వెలిసిన ఒక సాయంత్రం, సారు రెండు సెట్లూ సంచిలో వేసుకుని మోపెడ్ మీద మా ఊరికి వచ్చారు. చెరుకు రెండు నిలువుల ఎత్తుంది. ఆకుల నిండా నీళ్లు. సారు తన సెట్టుతో కాలువ కట్ట మీద నిలబడ్డారు. నేను వెలిగే సెట్టు చేత పట్టుకుని, పాతది సంచిలో వేసుకుని చెరుకులోకి నడిచాను. వంద అడుగులు వేశానో లేదో, పై బ్యాండులో సారు గొంతు ఆ తడి ఆకులకు అడ్డుపడి తెగి తెగి, మొత్తానికే పోయింది. కింది బ్యాండుకు మార్చితే మళ్లీ పలికింది. సంచిలోంచి తీసిన పాత సెట్టులోనూ అంతే బాగా పలికింది.

బయటికి వచ్చాక సారు అడిగారు: "మరి దేనికి ఎక్కువ పెడుతున్నవ్?"

నేను రెండు సెట్లనూ మార్చి మార్చి చూశాను.

"మీ ఊర్ల కరెంటు ఎన్ని గంటలుంటది?"

మా ఊళ్లో కరెంటుకు నిలకడ లేదు. పెన్సిల్ సెల్లు మా ఊరి దుకాణంలో దొరుకుతాయి. పాతదే తీసుకున్నాను. మిగిలిన దానితో ఇంటి మీదికి ఏరియల్, మంచి వైరు వచ్చాయి. ఇన్నేళ్లూ దాంతోనే మాట్లాడాను. ఆ ఐదు నెలలు నన్ను ఆపినందుకు ఆయనకు సరిగా కృతజ్ఞత చెప్పానో లేదో గుర్తులేదు.

ఆ సాయంత్రం సారు అంతటితో ఊరుకోలేదు. "ఇగ నువ్వు కట్ట మీద ఉండు, నేను లోపటికి పోత. అటునుంచి గూడ సూడాలె గద" అన్నారు. సర్వీసు అయిపోయిన మనిషి. ఆకు కోస్తుంది సార్ అంటున్నా వినకుండా ప్యాంటు మడిచి దిగారు. నాలుగు అడుగుల్లో తెల్లచొక్కా కనిపించకుండా పోయింది.

"వినబడుతున్ననా బిడ్డా?"

"మంచిగ వినబడుతున్నరు సార్."

"ఇంకింత దూరం పోత."

మనిషి జాడ లేదు. గాలి కూడా లేదు. చెరుకు కొసలు మాత్రం ఒక గీతలా కదులుతూ, కదులుతూ, కట్టకు దూరంగా వెళ్తున్నాయి.