ఆంటీకి నేనిచ్చిన మొక్కజొన్న గింజలు

కొన్నేళ్లుగా నా గుండెల మీద ఒక మొక్కజొన్న మడి ఉంది. నవ్వకండి. మోసేవాడికే తెలుస్తుంది.

లండన్‌లో, ఈస్ట్ హామ్‌లో ఒక గుంటూరు ఆంటీ ఇంట్లో గది అద్దెకు తీసుకుని మాస్టర్స్ చదివాను. కౌన్సిల్ ఇచ్చిన చిన్న తోటస్థలంలో ఆవిడ కూరగాయలు పండించేవారు. మొక్కజొన్న మాత్రం ఏటా పురుగుల పాలయ్యేది. నా చదువు పంటల జన్యువుల మీద. తిన్న పురుగును చంపేసే మొక్కజొన్న ఒకటుందని ఒకరోజు భోజనాల దగ్గర చెప్పాను. కాస్త ఎక్కువే చెప్పాను.

“మీ ల్యాబ్‌లో ఆ గింజలు నాలుగు తెచ్చిపెట్టవూ బాబూ?” అన్నారు ఆంటీ.

మా ల్యాబ్‌లో అవి లేవు. ఉన్నా బయటికి తేకూడదు. ఆ ముక్క చెబితే ఏం పోయేది? కానీ ఆవిడ అప్పటికే ఫోన్‌లో చెల్లెలితో నన్ను సైంటిస్టు అని చెప్పుకుంటున్నారు. సూపర్‌మార్కెట్‌లో మామూలు స్వీట్‌కార్న్ విత్తనాలు కొని, పొట్లం కట్టి, ఎవరికీ చెప్పవద్దని గొంతు తగ్గించి మరీ ఇచ్చాను.

ఆ ఏడు ఎందుకో పురుగు రాలేదు. పొత్తులు పాలుపోసుకున్నాయి. అంతలో ఒక ఉదయం ఆంటీ అరచేతిలో చచ్చిన సీతాకోకచిలుకతో వచ్చారు.

“నా మొక్కజొన్నే చంపిందా బాబూ?”

“దానిమీద ఇంకా చర్చ జరుగుతోంది ఆంటీ.”

సూపర్‌మార్కెట్ గింజల మీద చర్చేమిటి? అసలైన ఆ రకం వేసినా, పుప్పొడి పడిన ఆకులు తినే గొంగళిపురుగుకే భయం గాని ఎగిరే సీతాకోకచిలుకకు కాదని నేనే పరీక్షలో రాశాను. అది ముసలితనంతో పోయి ఉంటుంది.

ఆంటీ కళ్లు తుడుచుకుంటూ పంటంతా పీకేశారు. నేనూ సాయం పట్టాను. ఒక పొత్తు జేబులో వేసుకుని, గదిలో తలుపేసుకుని తిన్నాను. చాలా తియ్యగా ఉంది.

ఇప్పుడా మడి నిండా పూలమొక్కలే. తెలుగువాళ్లు నలుగురు కలిసినచోటల్లా ఆ మొక్కజొన్న వేయొద్దని, సీతాకోకచిలుకల్ని చంపుతుందని ఆంటీ చెబుతారు. “మా సైంటిస్టు అబ్బాయిని అడగండి” అంటారు. నేను తలూపుతాను. సీతాకోకచిలుకలు పెరిగాయి కదా, మంచే జరిగిందేమో అని సర్దిచెప్పుకోబోతాను. కానీ ఆవిడకు మొక్కజొన్నంటే ప్రాణం. ఇప్పుడు కొనుక్కుని కూడా తినరు.

ఆవిడ ముందు నోరు పెగలడం లేదు. మీతో అయినా అననివ్వండి. అవి మామూలు గింజలండీ.