పియోనీ మొక్క రేకుబిళ్ళ

రసానికి చింతపండు పిసుకుతూ ఉంటాను, ఉన్నట్టుండి చెయ్యి ఆగిపోతుంది. ఇరవై ఏళ్ళు దాటింది, ఇంకా ఆగుతూనే ఉంది. ఎందుకు ఆగుతుందో కూతురికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

కంప్యూటర్లు తేదీ మరిచిపోతాయని లోకమంతా బెంగపడిన ఏడాది అది. ఏడాదికి వాటిలో రెండంకెలే ఉన్నాయట, ఆ అంకెలు సరిచేసే ఉద్యోగం మా అల్లుడిది. కూతురి పురిటికని అంతకు ముందు ఏడాదే వచ్చి, మెల్‌బోర్న్ శివార్లలోని క్రాన్‌బర్న్‌లో ఉండిపోయాను. నేను చదివింది మూడో తరగతి. ఇంగ్లీషు అంటే ఎస్, నో, థాంక్యూ. పక్కింటి జోన్‌కి ఎనభై దగ్గర పడ్డాయి, ఒంటరిగా ఉండేది. నన్ను "లవ్" అని పిలిచేది. ఉత్తరాలు తెచ్చేవాణ్ణీ అలాగే పిలిచేది లెండి.

ఆమె పెరట్లో వాళ్ళమ్మ నాటిన పియోనీ దుబ్బు ఒకటి ఉండేది. పువ్వు ముద్దగులాబీకి రెండింతలు. పక్కనే పుల్లకు కట్టిన జింకు రేకుబిళ్ళ, దాని మీద వాళ్ళమ్మ పెన్సిలుతో రాసిన పేరు. అక్షరాలు మాసినప్పుడల్లా జోన్ వాటి మీదే మళ్ళీ దిద్దేదట.

ఆ పేరు మీద ఒక తగువు ఉంది. కూతురు విడమరిచి చెబితే నాకు అర్థమైంది. ఆ పేరుగల పువ్వు లేత గులాబీ రంగని ఒక పాత పుస్తకంలో ఉంది. తెలుపు, నడుమ ఎర్ర చుక్కలు అని ఇంకో పుస్తకంలో ఉంది. రెండోదే నిజం, మీ ఇంట్లోది వేరే రకం అని మొక్కల సంఘం వాళ్ళు జోన్‌తో అన్నారు. జోన్ మాట ఒకటే: విచ్చిన రోజు గులాబీ, మూడో రోజుకు తెలుపు. ఒకాయన మొదటి రోజు చూసి రాశాడు, ఇంకొకాయన మూడో రోజు చూసి రాశాడు, అంతే. అంతకు ముందటి పూతకు నేనూ చూశాను. అక్షరాలా అంతే. ఆమెకున్న సాక్ష్యమల్లా ఆ రేకు. నవంబరులో సంఘం నుంచి ఒకాయన వచ్చి చూస్తానన్నాడు.

అక్కడి జూలై చలిలో జోన్ చెల్లెలింటికి వెళ్తూ, ఎండిన కాడలు కోసిపెట్టమంది. కోశాను. రేకు మసిబారి కనిపించింది. మాసిన లోహం చూస్తే నా చెయ్యి ఊరుకోదు. రసం పిండిన చింతపండు పిప్పి నేనెన్నడూ పారెయ్యను, దాంతో తోమాను. వెండిలా మెరిసింది. తిప్పి చూస్తే ఒక్క అక్షరం లేదు.

అప్పుడే చెప్పి ఉంటే? గిన్నెకు జిడ్డుందని, గరిటె కడగలేదని రోజూ ఇంటిల్లిపాదినీ సాధించేదాన్ని. తోమి పాడుచేశానని ఏ నోటితో చెప్పను?

జోన్ షెడ్డు గోడకు పాత పూల పుస్తకాల కాగితాలు అంటించి ఉండేవి. అన్నీ నలుపు తెలుపు బొమ్మలే. ఆ పువ్వులా అనిపించిన బొమ్మ కింది అక్షరాలను ముగ్గు దించినట్టు రేకు మీద దించాను. రంగు లేని బొమ్మలో ఏది ఏ పువ్వో ఏం తెలుస్తుంది? రేకు మరీ కొత్తగా ఉందని మట్టి పులిమాను. తోమింది నా అలవాటు. మట్టి పులిమింది మాత్రం నేనే, తెలిసి తెలిసి.

సంఘం ఆయన నవంబరులో ఒక శనివారం వచ్చాడు. మేమంతా అక్కడే ఉన్నాం. రేకు చదివి, మీరు చెప్పే పేరు ఇది కాదే అన్నాడు, మర్యాదగానే. జోన్ రేకును కళ్ళకు ఆనించుకుని చాలాసేపు చూసింది. తర్వాత నావైపు తిరిగింది.

"డిడ్ యూ టచ్ దిస్, లవ్?"

"నో."

నాకొచ్చిన మూడు మాటల్లో అదొకటి. ఆమె నమ్మింది. మా అల్లుడి భుజం తట్టి, మీ కంప్యూటర్లయ్యాక నన్నూ కాస్త బాగుచెయ్యి, నాకూ రెండంకెలు రాలిపోయాయి అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీకు మతిమరుపు వచ్చింది, ఇల్లు అమ్మేసి వృద్ధుల హోమ్‌కు వెళ్ళమని ఆమె కొడుకు ఏడాదిగా పోరుతున్నాడు. అప్పటిదాకా ససేమిరా అంది. ఆ వారం ఒప్పుకుంది. దిద్దేటప్పుడు తనే వేరే పేరు దిద్ది ఉంటుందని, అమ్మ పువ్వునే మరిచినదానికి ఇక పొయ్యి ఆర్పడం గుర్తుంటుందా అని మా అమ్మాయితో అందట. వెళ్ళే ముందు దుబ్బులో సగం తవ్వి, రేకుతో సహా నాకిచ్చింది.

ఆ హోమ్‌లో రెండేళ్ళు బతికింది. నాలుగుసార్లు వెళ్ళాను. చెప్పాలనే వెళ్ళాను. టీ తాగి వచ్చేశాను. భాష రాక అనుకుందామా? సారీ అనే మాట అప్పటికి నాకు వచ్చు.

ఇప్పుడు మా అమ్మాయి నన్ను అడుగుతుంది, "అమ్మా, గ్యాస్ ఆపావా? నీకీమధ్య ఏదీ గుర్తుండట్లేదు" అని. నేను ఎదురు చెప్పను. ఆపానని నాకు రూఢిగా తెలిసినా లేచి వెళ్ళి చూసొస్తాను. జోన్ కూడా అలాగే వెళ్ళి చూసుకునేదేమో.

దుబ్బు ఏటా పూస్తుంది. విచ్చిన రోజు గులాబీ, మూడో రోజుకు తెలుపు. ఎవరైనా పేరడిగితే తెలియదంటాను. జోన్ నోట ఎన్నిసార్లు విన్నా నాకు నోరు తిరగలేదు, గుర్తూ లేదు. రేకు మీద ఇంకా నా దొంగ అక్షరాలే ఉన్నాయి. నేను రాయగలిగిన నిజం ఒక్కటే మిగిలింది, అది ఇక్కడ రాస్తున్నాను.

జోన్ ఏదీ మరిచిపోలేదు. చెరిపింది నేను.