బిట్టు వయసు తొమ్మిదేళ్లు

రిటైర్మెంట్‌కు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ నెలలో నన్ను శంషాబాద్ వైపు పశువైద్యశాలకు బదిలీ చేశారు. నా హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. అసిస్టెంట్ అన్న మాటేగానీ ఆస్పత్రికి నేనే పెద్ద. గేదెలు, మేకలతో పాటు కొత్వాల్‌గూడ దగ్గర ఒక ప్రైవేటు కుక్కల షెల్టర్ కూడా నా నెత్తిన పడింది. ప్రతి బుధవారం వెళ్లి, దత్తత పోయే కుక్కలను పరీక్షించి ఆరోగ్య ధ్రువపత్రం రాయాలి. ఆ పత్రం లేనిదే కుక్క గేటు దాటదు.

అక్కడ బిట్టు అనే గోధుమరంగు కుక్క ఏడాదికి పైగా పడి ఉంది. విమానం తలమీదుగా దిగినప్పుడల్లా మిగతా కుక్కలన్నీ గొంతు చించుకునేవి, బిట్టు మాత్రం తల ఎత్తేది కాదు. వినికిడి తగ్గిపోయింది. కుక్క వయసు చెప్పడానికి మేం పళ్లు చూస్తాం. ముందుపళ్ల అంచున చిన్నతనంలో చిన్నచిన్న మొనలుంటాయి, ఏళ్లు గడిచేకొద్దీ అరిగిపోతాయి. బిట్టుకు అవి పూర్తిగా అరిగాయి. కంటిలో వయసు తెచ్చే నీలిపొర కూడా ఉంది. నా లెక్కకు తొమ్మిదేళ్లు.

షెల్టర్ సూపర్‌వైజర్ యాదగిరి మంచివాడే, కానీ పట్టిన పట్టు వదలడు. "తొమ్మిదేండ్లని రాస్తే దీన్ని ఎవరు తీస్కపోతరు మేడం? జర తక్కువ రాయుండ్రి, ఏం పోతది?" అన్నాడు. నాకూ ఆ కుక్క మీద జాలి. పళ్లు చూసి చెప్పే వయసు ఎప్పుడూ ఉజ్జాయింపే కదా అని నాకు నేనే సర్ది చెప్పుకుని, వయసు గడిలో 'సుమారు ఐదేళ్లు' అని రాసి ముద్ర కొట్టాను. పుణ్యం చేశాననే అనుకున్నాను.

రెండు వారాల తర్వాత బడంగ్‌పేట్ నుంచి సుగుణమ్మగారు వచ్చారు. కొత్తూరులో ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసి మానేసిన మనిషి, ఒంటరిగా ఉంటారు. బిట్టు పక్కన అరగంట కూర్చున్నారు. అది ఆవిడ చెప్పు మీద గడ్డం ఆనించి పడుకుంది. యాదగిరి ముఖం వెలిగిపోయింది. తర్వాత ఆవిడ పత్రం తీసుకుని, కళ్లజోడు పెట్టుకుని చదివి, మడిచి తిరిగి నా చేతిలో పెట్టారు.

"ఐదేండ్లదైతే నాకొద్దు డాక్టరమ్మా. నాకు డెబ్బై దాటినయ్. నా బిడ్డకు కుక్కలంటే భయం. నేను పోయినంక దీన్ని మల్ల గిట్లనే తెచ్చి ఏస్తరు. ముసల్దేమన్న ఉంటే సూపియ్యుండ్రి."

షెల్టర్‌లో బిట్టుకన్నా ముసలి కుక్క లేదు. యాదగిరి నావైపు చూశాడు, నేను నేలవైపు చూశాను. ఆవిడ సంచీ భుజాన వేసుకుని లేచారు. ఇన్నాళ్ల సర్వీసులో నా నోటితో నా సంతకాన్ని తప్పనడం అదే మొదటిసారి. బిట్టు వయసు తొమ్మిదని, త్వరగా ఇల్లు దొరుకుతుందని తగ్గించి రాశానని చెప్పేశాను.

ఆవిడ కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. "అయితే మిగతయన్న నిజమేనా?" అని అడిగారు.

రేబిస్ టీకా, గుండె, బరువు అన్నీ నిజమే. కానీ ఆ మాట చెప్పేది నేనే కదా! అందుకని బిట్టును మళ్లీ బల్లమీదికి ఎత్తించాను. ఆవిడ ఎదుటే తూకం వేశాను, పళ్లు చూపించాను, టీకా సీసా స్టిక్కరు అంటించిన రిజిస్టరు తెప్పించాను. స్టెతస్కోపు ఆవిడ చెవులకే పెట్టి గుండె వినిపించాను. పాత పత్రం రద్దు చేసి కొత్తది రాశాను. ముగించేసరికి మధ్యాహ్నం దాటింది. సుగుణమ్మగారు పత్రాన్ని మడిచి రవికలో దాచుకున్నారు. "గిప్పుడు సరే" అని తాడు చేతికి చుట్టుకున్నారు. బిట్టు వెనక్కి తిరిగి చూడకుండా ఆటో ఎక్కింది. ఆవిడ నన్ను క్షమించినందుకు ఆ రోజు ఎంత కృతజ్ఞత కలిగిందో, ఇప్పటికీ అంతే ఉంది.

బిట్టు ఆవిడ దగ్గర రెండున్నరేళ్లు బతికింది. అది చనిపోయిన వారానికి ఆవిడ ఆస్పత్రికి వచ్చి, బెంచీ మీద కూర్చుని ఏడ్చారు. కళ్లు తుడుచుకుని, "దానికంటే ముందు నన్ను తీస్కపోవద్దని రోజు ప్రార్థన జేసిన డాక్టరమ్మా. దేవుడు ఇన్నడు" అన్నారు.

ముసలి కుక్క ఎవరికీ అక్కర్లేదని నేనే తీర్మానించుకుని, దాని వయసు దాచాను. అది కావాలనుకున్న ఒకే ఒక్క మనిషి ఆ వయసు కోసమే వచ్చింది. ఆ తర్వాత రిటైరయ్యేవరకు పళ్లలో చూసిందే పత్రంలో రాశాను. కొన్ని ముసలి కుక్కలకు ఇళ్లు దొరికాయి, కొన్నిటికి దొరకలేదు. దొరకనివాటి పత్రాలను కూడా మార్చలేదు.