సఫియా మేడం నాటో పాఠం

సఫియా గారు రోజూ చల్లపల్లి నుంచి బస్సులో బందరు డిగ్రీ కాలేజీకి వస్తారు. ఇరవై రెండేళ్ళుగా పొలిటికల్ సైన్స్ చెబుతున్నారు. క్లాసులోకి రాగానే బోర్డు మీద ఒకవైపు అమెరికా, ఇంకోవైపు యూరప్ గీసి, మధ్యలో సముద్రం కోసం అరచేత్తో ఒక్క తుడుపు తుడుస్తారు. చేతికంటిన సుద్దని పమిట చెంగుతో దులుపుకుంటూ, "అమెరికా, యూరప్ దేశాల సైనిక కూటమి నాటో వచ్చాక యూరప్‌కి సొంత ఉమ్మడి సైన్యంతో పని లేకపోయింది, రాసుకోండి" అంటారు. ఏటా అదే మాట.

ఈసారి తనూజ అనే అమ్మాయి పరీక్షలో వేరేగా రాసింది: "పని లేక కాదు, నమ్మకం లేక. అందరం కలిసి ఒకే సైన్యం పెట్టుకుందామన్న ఫ్రాన్సే, జర్మన్ల చేతికి మళ్ళీ తుపాకులు వస్తాయని భయపడి, 1954లో తన పార్లమెంటులో వద్దనేసింది." నోట్సులో లేదని సఫియా గారు ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశారు. ఆ రోజు నుంచి తనూజ క్లాసులో నోరు విప్పలేదు. అది మనసులో గుచ్చుకోవడంతో సఫియా గారు లైబ్రరీకి వెళ్ళి పాత పుస్తకాలు తిరగేశారు. పిల్ల రాసిందే నిజం. మర్నాడు అందరి ముందూ, "తప్పు నాదేనమ్మా. ఇన్నేళ్ళూ సగమే చెప్పాను" అన్నారు.

తనూజ లేచి నిలబడింది. "మరి ఇప్పుడు అమెరికా చెయ్యి వదిలేస్తే, ఆ యూరప్ వాళ్ళు ఒకళ్ళనొకళ్ళు నమ్ముకుంటారా మేడం?"

సఫియా గారు నోట్సు మూసేశారు. "నాకూ తెలీదమ్మా. నువ్వేమనుకుంటున్నావో చెప్పు, వింటాను."