నేను విషాదమనుకున్న నవల

మా ముత్తాతగారు టెక్కలి దగ్గర మూడు ఊళ్లకు మొఖాసాదారు. మా తాతగారి పల్లకీ వస్తే సంతలో బేరాలు ఆగేవి. నాన్నగారి కాలంలో ఊళ్లూ మేడా దొంగ సంతకాలతో మా గుమాస్తా పాలయ్యాయి. లోకం అతణ్ణి అసహ్యించుకోవాలని నేనొక విషాద నవల రాశాను.

పలాస స్టేషనులో కూర్చుని దాన్ని దిద్దుకుంటుంటే, పక్కనే కూర్చున్న కవిటి ఊరి కొబ్బరికాయల షావుకారు చదవమన్నాడు. గుమాస్తా మా మేడలో అడుగుపెట్టే ఘట్టం చదివాను. అది నేను కళ్లారా చూసినదేనని కూడా చెప్పాను. పాత అలవాటుకొద్దీ చెప్పులు బయటే విడిచి, తాతగారి ఖాళీ కుర్చీ ముందు చేతులు కట్టుకుని నిలబడిపోయాడు.

షావుకారు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇది విషాదం," అన్నాను బిగుసుకుని.

"విషాదమేటి బాబూ? ఇది పెహసనం! కోపమైతే జనం రెండ్రోజుల్లో మరిసిపోతారు. నవ్వారనుకోండి, ఆడు సచ్చినా ఆ కుర్చీలో కూకోలేడు."

ఆయన పేరు అడగలేదు. రైలు వచ్చేలోగా ఏడుపు పుటలన్నీ కొట్టేశాను.

ప్రహసనం అచ్చయ్యాక టెక్కలి సంతలో చేపలమ్మే ఆడవాళ్లు సైతం గుమాస్తాను చూస్తే చేతులు కట్టుకుని నిలబడేవారు.

అచ్చు ఖర్చు కోసం తాతగారి పల్లకీ అమ్మాను. కొన్నది ఆ గుమాస్తాయే.